పొట్టలో గొట్టంతో తినే పిల్ల ఉన్న ఇంట్లో మిక్సీ ఎలా ఉండాలి: వాడి చూసి రాస్తున్న రివ్యూ

మిక్సీల మీద రివ్యూలకేం కొదవ లేదు. ఇడ్లీ పిండి ఎంత మెత్తగా వచ్చింది, పసుపు కొమ్ములు నలిగాయా లేదా, కొబ్బరి పచ్చడి ఎలా కుదిరింది, అందరూ చెప్పేది అదే. మా ఇంట్లో మిక్సీకి పెట్టే పరీక్ష వేరు. అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీ పడితే అది నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని గొట్టంలోంచి ఎక్కడా ఆగకుండా దిగాలి. ఆగిందంటే ఆ పూట ఇంట్లో అందరికీ టెన్షనే. ఈ అవసరం ఉన్న ఇళ్ల కోసం తెలుగులో రాసింది నాకైతే కనపడలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయను. మోడళ్లు చూస్తుండగానే మారిపోతాయి, పైగా నేను తిట్టినా పొగిడినా అది జార్‌నీ బ్లేడునీ గానీ పేరుని కాదు.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, అంటే ఒడిశానే, కానీ ఇంట్లోనూ వీధిలోనూ తెలుగే, పాతపట్నం వెళ్లి కూరగాయలు తెచ్చుకునేంత దగ్గర్లో ఆంధ్రా. మా చిన్నదానికి ఐదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంట్లో కండరాలు అదుపులో ఉండవు. మెడ ఈమధ్యే నిలుపుతోంది, మింగడం సరిగా రాదు, నోట్లో పెట్టిన దాంట్లో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ నిమోనియా, మాటిమాటికీ ఆసుపత్రి, చివరికి విశాఖపట్నంలో డాక్టర్లు పొట్ట మీద చిన్న రంధ్రం చేసి పెగ్ ట్యూబ్ పెట్టారు. తిండి, నీళ్లు, ఫిట్స్ మందులు అన్నీ ఇప్పుడు అందులోంచే. మా ఆవిడ స్కూల్ టీచరు, పొద్దున్నే బస్సెక్కాలి. నాది బజార్లో చిన్న స్టేషనరీ కొట్టు, పదింటికి తెరిచినా అడిగేవాళ్లు లేరు. అందుకని మిక్సీ డ్యూటీ నాది. మగాడివి వంటింటి సామాను మీద రివ్యూ రాయడమేంట్రా అని మా తోడల్లుడు నవ్వాడు. నవ్వనీండి.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. ఇంటి తిండి గొట్టంలో పోయడం అనేది డాక్టరూ డైటీషియనూ చూసి సరే అన్నాకే. ముక్కులోంచి వేసే సన్న గొట్టాలకి ఇది పనికిరాదు. గొట్టాల సైజు ఫ్రెంచ్ లెక్కలో చెబుతారు, మూడు ఫ్రెంచ్ అంటే ఒక మిల్లీమీటరు, అదీ బయటి కొలత. పిల్లలకి ముక్కులో వేసే 8 ఫ్రెంచ్ గొట్టం బయటి నుంచే రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, లోపల దారి ఇంకా సన్నం, అందులో మిక్సీ పట్టిన అన్నం పోస్తే మూసుకుపోవడం ఖాయం. పొట్టకి పెట్టే గొట్టం 14 ఫ్రెంచ్ గానీ అంతకన్నా లావు గానీ అయితే ఇది సాగుతుంది, మా పాపది 14. గొట్టం చివర పొట్టలో కాకుండా పేగులోకి దించి ఉంటే మాత్రం దీని జోలికే పోవద్దు. పేగు ఒకేసారి అంత తీసుకోలేదు, పొట్టలో క్రిములని చంపే ఆమ్లం ఉన్నట్టు అక్కడ ఉండదు.

నీళ్లలో కలిపి గొట్టంలో పోసే డబ్బా పౌడరుతోనే నడపొచ్చు కదా అంటారా, నడిపాం. ఇప్పటికీ రాత్రి ఒక పూట అదే. పగలు ఇంటి తిండి మొదలుపెట్టాక మా పాపకి వాంతులు, ఓకరింతలు తగ్గాయి, మలబద్ధకం కూడా కొంత మేలు. అందరికీ అలాగే అవుతుందని నేను చెప్పలేను.

ఇక మిక్సీ గురించి. పల్చగా చేస్తే ఏ మిక్సీలో పట్టినా గొట్టంలో దిగిపోతుంది. కానీ పోయేది సగం నీళ్లే, పొట్ట నిండుతుంది, పిల్ల ఒళ్లు చేయదు. డబ్బా పౌడరు కంపెనీ చెప్పినట్టు కలిపితే మామూలుగా మిల్లీలీటరుకి ఒక క్యాలరీ దగ్గర వస్తుంది. ఇంటి తిండిని ఆ దరిదాపులకి తేవాలంటే నీళ్లు తక్కువ పోయాలి, నీళ్లు తక్కువ పోస్తే మిక్సీ మొరాయిస్తుంది, ముద్దంతా జార్ గోడలకి ఎగబాకి బ్లేడు మధ్యలో ఊరికే గాలిలో గిరగిరా తిరుగుతుంది. కాబట్టి నా దృష్టిలో మంచి మిక్సీ అంటే తక్కువ నీళ్లతో మెత్తగా పట్టేది. వాట్లు ఎన్ని, జార్లు ఎన్ని, డబ్బా మీద ఏ సినిమా హీరోయిన్ బొమ్మ ఉంది, ఇవన్నీ ఆ తర్వాతే.

మొదట ఆన్‌లైన్లో ఒక కప్పు మిక్సీ తెప్పించాం. గ్లాసు లాంటి కప్పులో వేసి, బోర్లించి, నొక్కి తిప్పే రకం. అరటిపండు, పాలు, ఉడకబెట్టిన యాపిల్ ఇట్టే పట్టేసింది. అన్నం, పప్పు వేసేసరికి కాలిన వాసన. ఈ రకం వాటిని ఒక నిమిషానికి మించి ఏకబిగిన తిప్పొద్దని దాంతో వచ్చిన కాగితంలోనే చీమల అక్షరాల్లో ఉంది, మా పనికి నిమిషం ఏ మూలకి? కప్పు బోర్లించి ఉంటుంది కాబట్టి తిండి బరువంతా రబ్బరు వాషర్ మీదే, కొన్నాళ్లకి అది వదులై గంజి కిందికి కారి మోటార్లోకి దిగింది. అమ్మినవాళ్లు వాపసు గడువు దాటిందన్నారు, కంపెనీవాళ్లు సర్వీస్ కావాలంటే భువనేశ్వర్ పంపమన్నారు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, వేడిగా ఉన్నది అందులో వేయకూడదు. బిగించిన కప్పులో ఆవిరి పోగై తెరిచేటప్పుడు మొహాన చిమ్ముతుంది. పండ్లరసాలు తాగేవాళ్లు కొనుక్కోండి, మనలాంటి ఇళ్లకి వద్దు.

తర్వాత మా పెళ్లినాటి మిక్సీని అటక మీంచి దించాం. 500 వాట్లది, మోటారు ఇప్పటికీ రాయే. ఒకరోజు పెరుగన్నం పట్టి గిన్నెలోకి ఒంపితే తెల్లటి దాంట్లో సన్నగా బూడిదరంగు చార కనిపించింది. జీలకర్ర పొడేమో అని వేలితో రాసి చూశాను, జిడ్డు. జార్ బోర్లించి చూస్తే అడుగున కప్లర్ (జార్‌ని మోటారుకి కలిపే చక్రం) చుట్టూ నల్లటి గ్రీజు. బ్లేడు తిరిగే కడ్డీ చుట్టూ బుష్ అని ఉంటుంది, అది అరిగితే పైనున్న తిండి నీరు కిందికి, కిందున్న గ్రీజు పైకి. అల్లం పచ్చడి, టమాటా పచ్చడి చేసుకునే ఇంట్లో ఇది ఎన్నేళ్లైనా కనపడదు, పచ్చడి రంగులో కలిసిపోతుంది. మీ ఇంట్లో పాత మిక్సీతోనే పిల్లలకి పడుతుంటే ఒకసారి జార్‌లో తెల్లటి పెరుగు వేసి తిప్పి చూడండి. కప్లర్ పట్టుకుని అటూఇటూ కదిపినప్పుడు లొడలొడలాడితే బుష్ పోయినట్టే.

ఇప్పుడు వాడుతున్నది 750 వాట్ల మామూలు మిక్సీ, మా ఊరి బజార్లోనే కొన్నాం, నాలుగు వేలకి కాస్త తక్కువ పడింది. షాపు అబ్బాయి 1000 వాట్లది అంటగట్టాలని చూశాడు. మాకు వాట్ల కన్నా ముఖ్యమైనది చిన్న జార్. ఒక పూటకి మా పాపకి పట్టేది 200 నుంచి 250 మిల్లీలీటర్లు, లీటరున్నర జార్‌లో అంత కొంచెం వేస్తే గోడలకి అంటుకోవడం తప్ప నలగదు. 400 మిల్లీలీటర్ల పచ్చడి జార్ సరిగ్గా సరిపోతుంది. జార్ చేతిలోకి తీసుకుని లోపల చూడండి. బ్లేడుకి రెండు రెక్కలు పైకి, రెండు కిందికి వంగి ఉండాలి, కింది రెక్కలు అడుగుకి దగ్గరగా ఉండాలి. ఆ సందు ఎక్కువైతే అడుగున మెతుకులు మెతుకులుగానే మిగిలిపోతాయి. మూత పారదర్శకంగా ఉంటే ఇంకా మంచిది, లోపల సుడి తిరుగుతోందా ఆగిందా అనేది తెలుస్తుంది, సుడి ఆగితే నీళ్లు పోయకుండా ముందు ఆపి గరిటెతో ఒకసారి కిందికి దింపి మళ్లీ తిప్పాలి.

పనితనం? బాగుంది. మెత్తగా ఉడికిన అన్నం, చాయ పెసరపప్పు, గుమ్మడి, ఒక ఉడికిన గుడ్డు, కాసిన్ని పాలు వేసి ముందు విడతలు విడతలుగా, తర్వాత పూర్తి స్పీడులో రెండు నిమిషాలు, కాసేపు ఆపి మళ్లీ రెండు నిమిషాలు తిప్పితే గరిటె మీంచి తెగకుండా జారుతుంది. ఎంతసేపు తిప్పి ఎంతసేపు ఆపాలో మిక్సీ కింద రేకు మీద రాసి ఉంటుంది, చదవండి. ఒకసారి మధ్యలో టక్కున ఆగిపోయింది, మా అమ్మ కాలిపోయిందని కంగారుపడింది. కింద ఎర్ర బటన్ ఉంటుంది, మోటారు మీద భారం ఎక్కువైతే అదే ఎగిరి కాపాడుతుంది, చల్లారాక నొక్కితే మళ్లీ తిరిగింది. ఒక్కటి గుర్తుంచుకోండి, తిప్పే కొద్దీ తిండి దానంతట అదే వేడెక్కుతుంది. ఇవ్వబోయే ముందు మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాల్సిందే, మా పాప నోటితో తినడం లేదు కాబట్టి కాలిందని ఉమ్మేసే అవకాశం దానికి లేదు.

ఈ మిక్సీకి లొంగనివీ ఉన్నాయి. తోటకూర కాడల పీచు, మునగాకు, టమాటా తోలూ గింజలూ, పచ్చి బఠాణీ తోలు, కొబ్బరి. వీటికి జల్లెడ తప్పదు. ఆ మాటకొస్తే దేనికైనా జల్లెడ తప్పదు. టీ వడపోసే జల్లెడ కాకుండా కొంచెం పెద్ద స్టీలు జల్లెడలో వేసి చెంచా వీపుతో నొక్కాలి, పైన మిగిలిన పిప్పి చూస్తే ఆ రోజు మిక్సీ ఎలా పనిచేసిందో తెలిసిపోతుంది. కొత్త వంటకం అయితే అదే సైజు విడి గొట్టం ఒకటి కొని పెట్టుకుని, సిరంజికి తగిలించి సింకులో ముందు పోసి చూస్తాను. అన్నం వేడిగా ఉన్నప్పుడు జారి, చల్లారేసరికి గడ్డకట్టే గుణం ఉన్నది, అందుకని గోరువెచ్చగా ఉండగానే పోయాలి. గొట్టం ఎప్పుడైనా ఆగితే సిరంజితో గోరువెచ్చటి నీళ్లు మెల్లగా ముందుకీ వెనక్కీ. తీగ దూర్చకండి. కూల్‌డ్రింక్ పోస్తే వదులుతుందని కొందరు చెబుతారు, దాని పులుపుకి పాలలో మాంసకృత్తులు విరిగి ఇంకా బిగుసుకుంటుంది.

మా అమ్మ గురించి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. మొదటిసారి ఉత్త పప్పు, అన్నం మిక్సీలో వేస్తుంటే చూసి, "తాలింపు లేని పప్పు మనుషులు తినేదేట్రా?" అంది. అమ్మా, దానికి రుచి తెలీదే, పోయేది పొట్టలోకే కదా అన్నాను. "త్రేన్పు రాదా దానికి?" అంది. ఏం చెబుతాం. ఆవాలు, మినప్పప్పు వేస్తే గొట్టం సంగతి అంతే కదా, అందుకని ఆవిడే దారి కనిపెట్టింది, నేతిలో జీలకర్ర, ఇంగువ వేయించి, టీ జల్లెడలో వడగట్టి, ఆ నెయ్యి ఒక్కటే కలుపుతుంది. డైటీషియన్ ఎలాగూ ప్రతి పూటా చెంచాడు నూనో నెయ్యో వేయమంది, చెంచాడు అంటే నలభై, నలభై అయిదు క్యాలరీలు, తిండి చిక్కబడకుండా బలం పెరిగే మార్గాల్లో అదొకటి. పోపు వాసన వచ్చినప్పుడు పాప తల వంటింటి వైపు తిప్పుతుంది. త్రేన్పు వచ్చినప్పుడు మా అమ్మ నా వైపు చూస్తుంది.

చోడి పిండి (రాగి పిండి) సంగతి మిక్సీ కన్నా పెద్ద సంగతి. ఇక్కడ చోళ్లకి కరువు లేదు, 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్న మొదటి జిల్లాల్లో మా గజపతి కూడా ఒకటి. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైగానే కాల్షియం ఉంటుంది, మంచం మీదే ఉండే పిల్లల ఎముకలకి అది ఎంత అవసరమో ఫిజియోథెరపీకి తిప్పేవాళ్లకి తెలుసు. కానీ చోడి అంబలి కొంచెం చిక్కబడిందంటే ఏ గొట్టంలోనూ దిగదు. దీనికి మందు చోళ్లలోనే ఉంది. చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రానిచ్చి, ఆరబెట్టి, సన్నసెగ మీద తేమ పోయేవరకు మాత్రమే వేపి పొడి చేసుకోవాలి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండిపదార్థపు పొడవాటి గొలుసులని తెంపేస్తుంది. గరిటె నిలబడేంత చిక్కటి జావ పొయ్యి మీంచి దించి, మరుగు తగ్గాక చెంచాడు మొలక పిండి వేసి కలిపి చూడండి, అయిదారు నిమిషాల్లో కళ్లముందే పల్చబడిపోతుంది. నీళ్లు చుక్క కలపలేదు, క్యాలరీ ఒక్కటి తగ్గలేదు. మరుగుతుండగా వేస్తే ఎంజైమ్ చచ్చి ఏమీ జరగదు, ఎర్రగా వేపినా అంతే. పల్చబడ్డాక మాత్రం ఇంకోసారి పొంగు రానివ్వాలి, మొలకలతో క్రిములు వచ్చే భయం ఉంటుంది కాబట్టి. ఇదే పిండి అన్నం గంజికీ పనిచేస్తుంది. మిక్సీకి సగం శ్రమ తగ్గింది దీనివల్లే.

ఇంకొకటి, పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) పంపే దాల్మా. పప్పులో గుమ్మడి, బొప్పాయికాయ, కంద, అరటికాయ అన్నీ కలిసి మెత్తగా ఉడికి ఉంటాయి, మిక్సీ పట్టడానికే పుట్టిన వంటకం అనిపిస్తుంది. ములక్కాడ ముక్కలు ఏరేయాలి, పంచ్ ఫుటన్ (ఒడియావాళ్ల అయిదు రకాల పోపు దినుసులు) గింజలు జల్లెడలో ఆగుతాయి. ఇప్పుడైతే మావుసీ తాలింపు వేయకముందే మా వాటా తీసి పక్కన పెడుతోంది.

శబ్దం విషయంలో ఈ మిక్సీకి నేను మార్కులు వేయను. ఏ మిక్సీకీ వేయను. మా పాపకి ఉలికిపాటు ఎక్కువ, చప్పుడైతే చేతులు రెండూ విసిరేసి బిగుసుకుపోతుంది. వంటింట్లో తిప్పితే పక్క గదిలో అంతే సంగతులు. కింద మడతపెట్టిన గోనెపట్టా వేస్తే అదురు కొంచెం తగ్గింది, వెనక వసారాలోకి మార్చాక ఇంకొంచెం తగ్గింది. అసలు ఉపాయం మా పెద్దాడిది. మూడో తరగతి చదువుతున్నాడు. నేను స్విచ్ వేసే ముందు వాడు దాని చెవి దగ్గర "చెల్లీ, మిక్సీ!" అని చెప్పి చేయి పట్టుకునేవాడు. ముందే తెలిస్తే ఉలికిపాటు లేదు. ఇప్పుడు ఆ మాట వింటే చాలు నవ్వుతుంది, వాడు మిక్సీ తిప్పకపోయినా ఊరికే చెబుతూ ఉంటాడు, హోంవర్క్ ఎగ్గొట్టడానికి అదొక వంక.

కరెంటు. మా ఇంటి ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు, పాప కఫం తీసే సక్షన్ మెషిన్ నడుస్తాయి, 750 వాట్ల మిక్సీ నడవదు. నడిపి చూద్దాం అని కూడా అనుకోవద్దు, బ్యాటరీ అయిపోతే సక్షన్ ఆగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పటికి పాప పుట్టలేదు, అయినా తుఫాను హెచ్చరిక వినగానే మా ఆవిడ డబ్బా పౌడరు, కాచి చల్లార్చిన నీళ్లు, మొలక చోడి పిండి ముందు పెట్టెలో సర్దేస్తుంది. గ్యాస్ పొయ్యి ఉంటే చోడి జావకి మిక్సీ అక్కర్లేదు, పల్చటి నూలుగుడ్డలో వడగట్టి పోసేయొచ్చు. తీసిపెట్టుకునే లెక్క కూడా చెప్పేస్తాను: పట్టిన తిండి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, మా వైశాఖ మాసపు ఎండల్లో అయితే గంటే, ఫ్రిజ్‌లో ఒక రోజు. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గితే పారబోయడమే, అందులో బేరాల్లేవు.

హైదరాబాద్‌లో మా మేనత్త కొడుకు ఇంట్లో విదేశీ బ్లెండర్ ఉంది, ధర మా మిక్సీకి పదింతల పైమాటే. అక్కడున్న నాలుగు రోజులూ అందులోనే పట్టాం. నిజం చెప్పాలి, దాని ముందు మా మిక్సీ దిగదుడుపే. తోటకూర కాడలు, టమాటా తోలు సహా నున్నగా అయిపోయింది, జల్లెడలో ఏమీ మిగల్లేదు. కానీ దాని జార్ పెద్దది, ఒక్క పూట తిండి అడుగుకే సరిపోతుంది, రోజంతటికీ ఒకేసారి పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లకి బాగు. చప్పుడు ఇంకా ఎక్కువ. అది చెడిపోతే పర్లాకిమిడిలో చూసేవాడు లేడు. ఆ డబ్బుతో మాకు ఎన్ని నెలల థెరపీ వస్తుందో బావకి చెబితే ఊరుకున్నాడు.

బాగుచేసేవాడు ఊళ్లో ఉండడం ఎంత అవసరమో మామూలు ఇళ్లకి తెలియదు. వాళ్లకి మిక్సీ ఆగితే పచ్చడి ఆగుతుంది. బస్టాండు దగ్గర మా మిక్సీ చూసే ఆయన మొదటిసారి జార్ విప్పి, "ఇంత శుభ్రంగా తోమిన జార్ నేనెక్కడా చూడలేదు బాబూ, ఏటి పడుతున్నారు ఇందులో?" అని అడిగాడు. చెప్పాను. అప్పట్నించి మా జార్ వెళ్తే వరస చూడకుండా అప్పటికప్పుడు బుష్, కప్లర్, వాషర్ మార్చి ఇస్తాడు. డబ్బులు మాత్రం అందరితో సమానంగానే తీసుకుంటాడు, తీసుకోవాలి కూడా.

తోమడం నిజంగానే పెద్ద పని. వాడిన వెంటనే గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి అరనిమిషం తిప్పి పారబోసి, మూత రబ్బరు ఊడదీసి విడిగా తోమి, బ్లేడు కింద సందులో సన్న బ్రష్ పెట్టి, మంచినీళ్లతో కడిగి ఎండలో బోర్లించాలి. మూత రబ్బరు సందులో మిగిలిన తిండి ఒక్క పూటకే పులిసిపోతుంది. కారం, మసాలా పట్టే జార్‌తో పిల్ల జార్ కలపకండి, ఎంత తోమినా రబ్బరులో ఘాటు ఉండిపోతుంది. మా పిల్ల జార్ మీద పెద్దాడు పెర్మనెంట్ మార్కర్‌తో చెల్లి పేరు రాశాడు, మూడు తోమడాలకి పోతే మళ్లీ రాస్తాడు. సిరంజిలు 50 మిల్లీలీటర్లవి, మూతి పొడవుగా ఉండే రకం, అడిగి తీసుకోండి. పిస్టన్ నల్ల రబ్బరు బిగుసుకోగానే మార్చాలి, లేకపోతే నెట్టినప్పుడు ఒక్కసారిగా పోయి పాప ఓకరిస్తుంది. పిల్లని తల వైపు ఎత్తుగా కూర్చోబెట్టి మెల్లగా పోయడం, తర్వాత నీళ్లు పోసి గొట్టం కడగడం, అరగంట పడుకోబెట్టకపోవడం, ఇవి ఆసుపత్రిలో చెప్పే ఉంటారు.

పెళ్లిళ్లకి కూడా మిక్సీ వస్తుంది మాతో. మొన్న టెక్కలిలో మా ఆవిడ పిన్ని కూతురి పెళ్లికి గుడ్డ సంచిలో పట్టుకెళ్లాం, వంటవాళ్ల దగ్గర ప్లగ్ దొరికింది, పోపు వేయకముందు పప్పు తీసి ఇమ్మంటే ఆ వంటాయన మారు మాట్లాడకుండా తీసి ఇచ్చాడు. "ఇంకా నోటితో తినదా అమ్మాయి?" అని అడిగే పెద్దవాళ్లు మాత్రం వరసగా వచ్చారు. మా ఆవిడ, "పెళ్లి భోజనమే తింటోంది పిన్నీ, మీకన్నా ముందు పంక్తిలో" అంది. ఈ మిక్సీ బరువు అయిదు కిలోల లోపే, ఆ విషయంలో ఫుల్ మార్కులు.

ఖర్చుల సంగతి అడుగుతారు. పాపకి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంది, కేంద్ర ప్రభుత్వ పథకం నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉంది, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష వరకు ఇస్తారు, మందులు, థెరపీ బిల్లులు అందులో పెట్టొచ్చు. మిక్సీ, జల్లెడ, సిరంజిలు మన జేబులోంచే.

కొంటారా అంటే ఇదే మళ్లీ కొంటాను, అయిదుకి నాలుగు. తగ్గిన ఒకటి చప్పుడుకి. ఒక్కటే జాగ్రత్త, కొన్నరోజే అదే మోడల్ పచ్చడి జార్ ఇంకొకటి విడిగా కొనేయండి, ఒకటి రిపేరుకి వెళ్తే ఇంకొకటి ఉండాలి, ఏడాది తర్వాత వెళ్తే ఆ కప్లర్ కొలతతో జార్ దొరక్కపోవచ్చు. గ్యారంటీ చాలావరకు మోటారుకే ఇస్తారు, జార్లకి ఇవ్వకపోవచ్చు. మా షాపులో అడిగితే అదనపు జార్‌ని కూడా బిల్లులో వేసి, మూత లీకైతే మారుస్తామని వెనక రాసి ముద్ర వేశారు, మీరూ అడగండి.